ముసురులో దూది

పర్చూరులో వాగు వంతెన దాటి చీరాల రోడ్డెక్కితే ఎడమ చేతి పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. బోర్డు మీద సుభానీ పరుపుల షాపు అని రాసి ఉంటుంది గానీ, ఊళ్ళో ఎవరినడిగినా ఖుర్షిదా షాపు అనే అంటారు. మిషను దగ్గర నిలబడేది ఆమె. దూది బేరమాడేది ఆమె. పెళ్ళివారు పరుపుల కోసం తొందర చేస్తే వాళ్ళతో మాట పడేదీ, మాట అనేదీ ఆమే.

ఖుర్షిదా పుట్టింది మార్టూరు దగ్గర ఓ పల్లెలో, దూదేకుల ఇంట్లో. తండ్రి విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. మొగుడు సుభానీ కూడా పెళ్ళయిన కొత్తలో సైకిలు మీద అదే పని చేశాడు. తర్వాత ఇద్దరూ కడుపు కట్టుకుని దూదేకే మిషను కొన్నారు. షెడ్డు ముందు భాగంలో షాపు, వెనక రెండు గదుల్లో కాపురం. కొడుకు సాదిక్ ఆ దూది బస్తాల మీదే పొర్లి పెరిగాడు. ఇప్పుడు గుంటూరులో మిర్చి బస్తాలు తోలే లారీ నడుపుతున్నాడు.

అన్నేళ్ళ దూది దుమ్ము సుభానీ ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. మెట్లెక్కితే ఆయాసం, నవ్వితే దగ్గు. ఒంగోలు డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీయించి చూసి, మిషను దరిదాపులకి వెళ్ళొద్దని గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి సుభానీ షాపు బయట పట్టా నీడన కుర్చీ వేసుకుని, నింపిన పరుపులకు సూదితో కుట్లు వేస్తూ కూర్చునేవాడు. లోపల మిషను తిరుగుతుంటే, బెల్టు జారుతోంది చూసుకో అని అక్కడినుంచే కేకేసేవాడు. ఆమెకి వినపడేది. వినపడనట్టే ఉండి, బెల్టు సరిచేసేది.

ఆ ఏడు కార్తీకం వెళ్ళకముందే తుఫాను పట్టింది. చేలల్లో పత్తి విచ్చి ఉంది, మిరప పూత మీద ఉంది. షాపు కూడా నిండుగా ఉంది. పెళ్ళిళ్ళ కోసం కుట్టిన కొత్త పరుపులు, మళ్ళీ ఏకించుకుందామని జనం తెచ్చిపడేసిన పాత పరుపులు, ఏకాల్సిన దూది బస్తాలు గోడల వెంట పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాన తెరిపివ్వకుండా కురుస్తుంటే ఖుర్షిదా కింద ఉన్నవాటిని బల్లల మీదికి ఎత్తింది. వంతెన కింద వాగు రంగు మారిందని ఎవరో చెప్పిపోయారు. ఎప్పుడు పొంగినా గడప దాకా వచ్చి పోయేదే గదా అనుకుంది.

తెల్లవారేసరికి నీళ్ళు ముందు రోడ్డు మీదినుంచి కాదు, వెనక మురుక్కాలవ లోంచి వచ్చాయి. స్నానాల గది తూములోంచి నల్లగా ఉబికి, వంటింట్లో గిన్నెలు తేలించి, షాపులోకి పాకాయి. సుభానీ పానా పట్టుకుని మిషను కింద కూర్చున్నాడు.

"మోటారు ఒక్కటి ఊడదీస్తే చాలు" అన్నాడు.

నట్లు బిగుసుకుపోయి ఉన్నాయి. నీళ్ళు మోకాలికి వచ్చాయి. ఆయన రొప్పుతున్నాడు. ఖుర్షిదా పానా లాక్కుని పక్కన పడేసి, ఆయన్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. పక్క మేడ మీద ప్రార్థన మందిరం ఉంది. ఆ సంఘానికి పెద్ద జయరావు మాస్టారు, బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. మెట్ల మీద నిలబడి, "చెల్లెమ్మా, ఇటు రండి, ముందాయన్ని పైకెక్కించు" అని పిలుస్తున్నాడు.

ఆ వీధి వాళ్ళంతా ఆ మందిరంలోనే తలదాచుకున్నారు. కిటికీలోంచి ఖుర్షిదాకి తన షాపు రేకులు కనపడుతున్నాయి. నీళ్ళు నడుము లోతుకి వచ్చాక షట్టరు సందులోంచి ఏదో తెల్లగా బయటికొచ్చి తేలింది. తర్వాత ఇంకోటి. కాసేపటికి రోడ్డు పొడుగునా దూది ముద్దలు వరదలో కొట్టుకుపోతున్నాయి. ఎవరో ఆడమనిషి, కొంగలనుకున్నాను వదినా, అంది. ఖుర్షిదా కిటికీ రెక్క దగ్గరికి వేసింది.

నీళ్ళు తీశాక షట్టరు ఎత్తడానికి నలుగురు మగవాళ్ళు పట్టాల్సి వచ్చింది. మూలనున్న బల్ల ఒక్కటి తప్ప మిగతావన్నీ తిరగబడి, పరుపులు ఒకదాని మీద ఒకటి పడి, లోపలంతా బురదలో కూరుకుపోయి ఉంది. మురుగు కంపు కొడుతోంది. ఖుర్షిదా చీర ఎగదోపుకుని లోపలికి దిగి ఒక పరుపు అంచు పట్టుకుని లాగింది. అది కదల్లేదు. మొన్నటిదాకా ఒంటిచేత్తో భుజాన వేసుకున్న పరుపు. ఇద్దరు కలిసి ఈడిస్తే, శవాన్ని ఈడ్చినట్టు బురదలో చార చేసుకుంటూ వచ్చింది.

తడిసిన దూది సంగతి ఆమెకి తెలియంది కాదు. వాననీళ్ళకు తడిసిందైతే విడదీసి ఎండలో పోస్తే మళ్ళీ దూదవుతుంది. మురుగు తాగినదాన్ని బాగు చేయాలంటే ముందు కడగాలి, పిండాలి, తర్వాత గుప్పెడు గుప్పెడుగా విడదీసి ఎండబెట్టాలి. ఏది చేసినా వెంటనే చేయాలి, ఎండుండాలి. కానీ ఆకాశం తెరుచుకోలేదు. తుఫాను వెళ్ళిపోయింది గానీ దాని వెనక ముసురు దిగింది. పొద్దస్తమానం సన్నటి తుంపర, మబ్బు.

పాడైపోయినవి ఒకవైపు, దక్కుతాయేమో అనుకున్నవి ఒకవైపు వేసుకుంటూ పోయింది. కుప్పలో చెయ్యి దూర్చి చూస్తే లోపల వెచ్చగా తగిలింది. జ్వరం వచ్చిన పిల్లాడి ఒళ్ళులాగా ఉంది. దూది లోపల్లోపల ఉడుకుతోందని ఆమెకి అర్థమైంది. ఉడికితే నలుపెక్కుతుంది, నలుపెక్కితే ఇక చెత్తకుప్పే. కుప్పల్ని కూలదోసి పలచగా పరిచింది. పరచడానికి చోటు చాల్లేదు. జయరావు మాస్టారు మందిరంలో బెంచీలు గోడకు నెట్టించి, "ఇక్కడ పోసుకో చెల్లెమ్మా, కరెంటొస్తే ఫ్యాన్లు వేద్దాం" అన్నాడు. కరెంటు రాలేదు.

పరుపులిచ్చిన వాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. కొందరు గుమ్మంలోంచే చూసి వెళ్ళిపోయారు. కొందరు అరిచారు. పెళ్ళి దగ్గర పెట్టుకుని ఇప్పుడెక్కడికి పోమంటావని ఒకాయన బల్ల మీద కొట్టి అడిగాడు. ఖుర్షిదా చేతిలో పని ఆపకుండా అందరికీ ఒకటే చెప్పింది.

"చేస్తన్నానయ్యా. చేతనైంది చేస్తన్నా."

వెంకటేశ్వరమ్మ గారు వచ్చింది మాత్రం మధ్యాహ్నం పూట, గొడుగు వేసుకుని, నెమ్మదిగా. డెబ్బై దాటిన రైతు ఇల్లాలు. మొగుడు పోయి ఏడాది తిరిగింది. ఆయన మంచాన పడి చివరిదాకా పడుకున్న పరుపును ఏకించి మళ్ళీ కుట్టమని ఇచ్చింది. అది మామూలు పత్తి కాదు, బూరుగు దూది. వాళ్ళ పొలం గట్టున బూరుగు చెట్టు ఉండేది. ఆయనే కాయలు ఏరించి, గింజలు తీయించి పోగేసిన దూది. రోడ్డు వెడల్పులో ఆ చెట్టు కొట్టేశారు.

"నాది ఏదే అమ్మాయ్?" అంది.

ఖుర్షిదా చూపించింది. బల్ల మీదే ఉండిపోయి, ఒక పక్కే తడిసింది. బూరుగు దూది తొందరగా నీళ్ళు పీల్చదు. షాపు మొత్తం మీద నిజంగా బతికే ఆశ ఉన్న పరుపు అదొక్కటే.

"ఇది వస్తదండీ" అంది ఖుర్షిదా. రోజులతరబడి చేతనైంది చేస్తున్నానని చెప్పి చెప్పి ఉన్న నోటికి, ఆ మాట అనగానే ప్రాణం లేచొచ్చినట్టయింది.

"అయితే నేను పట్టుకుపోనా? మా వరండాలో విప్పి ఆరబోసుకుంటా. ఊరికే కూర్చునేగా ఉంటన్నా."

"వద్దండీ. బూరుగు దూది మీ చేత కాదు. విప్పితే గాలికి లేచిపోద్ది. నేను చేసిపెడతా."

"నీకు ఇంత పని ఉండగా..."

"నేను చేసిపెడతానని చెప్తన్నాగా అమ్మగారూ. నా మీద వదిలెయ్యండి."

పెద్దావిడ పరుపు మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయింది. ఖుర్షిదా ఆ దూదిని వేరుగా విప్పి, మురుగు దూదితో కలవకుండా, ఎగిరిపోకుండా ప్లాస్టిక్ పట్టాలో మూటగట్టి వెనక గది అటక మీద పెట్టింది. ఒకట్రెండు రోజుల మాటే గదా, ఎండ రాగానే మొదట దీన్నే తీయాలనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం వస్తుందని అనుకోలేదు.

సుభానీని మందిరంలో ఒక మూల కూర్చోబెట్టి కదలొద్దని చెప్పింది. అక్కడ పోసిన దూది బూజు వాసన రాగానే ఆయన్ని మెట్ల మీదికి మార్చింది. ఆయనకి చేతులు ఊరుకోవు. ఆమె ఒక్కతే బురదలో పడి లేస్తుంటే చూస్తూ కూర్చోలేకపోయాడు. ఆమె బ్లీచింగు పౌడరు కోసం బజారుకెళ్ళి వచ్చేసరికి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని మిషను పక్కన కూర్చుని, రోలరు మేకుల్లో ఇరుక్కున్న తడి దూదిని కొక్కెంతో పీకుతున్నాడు. తువ్వాలు నల్లగా ఉంది.

"మీకు బుద్ధుందా అసలు?" అంది.

"ఇది తుప్పు పడితే మిషను పోయినట్టే. ఇది పోతే మనకేముంది?"

"మీరు పోతే నాకేముంది?"

ఆయన ఏదో అనబోయాడు. దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగలేదు. పెదాలు నీలంగా మారుతుంటే, కొక్కెం ఇంకా చేతిలోనే ఉంచుకుని ఆమె భుజం మీదికి ఒరిగిపోయాడు. జయరావు మాస్టారు పరిగెత్తి ఆటో తెచ్చాడు. గుంటలు పడిన రోడ్డు మీద చీరాల చేరేదాకా ఖుర్షిదా ఆయన వీపు రాస్తూనే ఉంది. ప్రతి ఊపిరీ లోపల దేన్నో గీక్కుంటూ వస్తున్నట్టు వినపడింది. అది ఆగకుండా ఉంటే చాలని, ఆ చప్పుడు వింటూనే కూర్చుంది.

ఆసుపత్రిలో ముక్కుకీ నోటికీ మాస్కు పెట్టారు. బూజు లోపలికి పోయిందనీ, రెండు పక్కలా ఇన్ఫెక్షను ఉందనీ, ఇప్పుడే ఏమీ చెప్పలేమనీ డాక్టరమ్మ అంది. ఖుర్షిదా బురద చీరతోనే మంచం పక్కన కూలబడింది. సాయంత్రానికి సాదిక్ గుంటూరు నుంచి వచ్చాడు.

మర్నాడు పొద్దున ఆమె తల ఎత్తేసరికి వార్డు గచ్చు మీద కిటికీ ఊచల నీడ పడి ఉంది. కాసేపు అదేమిటో తెలియలేదు. ఎండ. ఆసుపత్రి ఆవరణలో జనం గొడుగులు మూసి, తడి బట్టలు గోడల మీద ఆరేస్తున్నారు. ఇన్ని రోజులు దేవుణ్ణి అడిగిన ఎండ ఇవాళ, తను ఇక్కడ ఉండగా వచ్చింది. సుభానీ కూడా చూశాడు. మాస్కు లోంచి మాట్లాడలేక, వేలితో కిటికీ చూపించి, తర్వాత తలుపు చూపించాడు. వెళ్ళు అని.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్ళీ తలుపు చూపించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని దుప్పటి కింద పెట్టేసింది.

"అమ్మా, షాపు సంగతి వదిలెయ్" అన్నాడు సాదిక్ వరండాలోకి పిలిచి. "మిషను ఇనప సామానుకి ఇచ్చేద్దాం. మీరిద్దరూ నాతో వచ్చేయండి."

"వాళ్ళ పరుపులో?"

"వరద తీసుకుపోయిందని చెప్పు. నువ్వేమన్నా కావాలని చేశావా?"

వరద తీసుకుపోనిది ఒకటి అటక మీద ఉందని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది గానీ, అప్పుడే నర్సు పిలిస్తే లోపలికి పరిగెత్తింది. ఆ రోజంతా ఆయనకి అటూ ఇటూగానే ఉంది. ఎవరికైనా ఫోను చేసి చెప్పాలన్న ఆలోచన చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో ఫోను చచ్చి ఉంది, సాదిక్ మందుల కోసం బయటికి వెళ్ళి ఉన్నాడు. తర్వాత ఆయనకి కాస్త తేలిక పడ్డాక, సాదిక్‌ని మంచం దగ్గర కూర్చోబెట్టి బస్సెక్కింది.

మందిరం డాబా మీద దూది తెల్లగా పరిచి ఉంది. జయరావు మాస్టారు, సంఘంలోని ఆడవాళ్ళు కలిసి, కడగగలిగింది కడిగి, పిండి, ఎండబోశారు. పాత చీరలు కప్పి గాలికి లేవకుండా రాళ్ళు పెట్టారు. ఆమెని చూసి మాస్టారు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు.

"ఎట్టా ఉంది ఆయనకి?"

"ఉన్నాడు మాస్టారూ" అని ఆమె ఆగకుండా కిందికి దిగి, వెనక గదిలోకి వెళ్ళి, స్టూలు వేసుకుని అటక మీద మూట దించింది. ముడి విప్పుతుండగానే వేళ్ళకి వేడి తగిలింది. రేకుల కింద, ప్లాస్టిక్కులో ఉక్కపోసి, పట్టా లోపల చెమట పట్టినట్టు నీటి బొట్లు ఉన్నాయి. పట్టులా మెరవాల్సిన దూది బూడిద రంగు ముద్దలై, మధ్యలో నల్లగా జిగురు కట్టి ఉంది. తెల్లగా ఉన్నదేమన్నా దొరుకుతుందేమోనని వేళ్ళతో తవ్వింది. అడుగు దాకా తవ్వింది. మురుగులో మునిగిన దూదిలో సగం డాబా మీద తెల్లబడుతోంది. బల్ల మీద ఉండి బతికిన దూదిని తనే జాగ్రత్త చేసి చంపింది. గచ్చు మీద కూర్చుని, మొగుడి మంచం పక్కన రాని ఏడుపు అంతా అక్కడ ఏడ్చింది.

అబద్ధం చెప్పొచ్చు. వరదలో పోయిందంటే ఎవరు కాదంటారు. మొహం కడుక్కుని, ఆ మూట అలాగే చంకన పెట్టుకుని వెంకటేశ్వరమ్మ గారింటికి వెళ్ళింది.

పెద్దావిడ వరండా శుభ్రంగా తుడిచి, నవారు మంచం గోడకి చేరేసి ఉంచింది. మూట చూసి, "అప్పుడే అయిందా?" అంది.

ఖుర్షిదా మూట విప్పి చూపించింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. పట్టాలో కట్టడం, అటక మీద పెట్టడం, ఎవరికీ చెప్పకపోవడం, ఎండ వచ్చిన రోజు తను ఆసుపత్రిలో ఉండటం. వెంకటేశ్వరమ్మ గారు వంగి ఆ నల్ల ముద్దను వేలితో తాకి, వేలు కొంగుకి తుడుచుకుంది.

"ఆ రోజు నేను పట్టుకుపోతానన్నానే" అంది చివరికి.

"అన్నారండీ."

"వరండాలో ఆరబోసుకుంటానన్నా. గాలికి కొంత లేచిపోయేది. కొంతన్నా ఉండేది."

"కొత్తది కుట్టి ఇస్తానండీ. బూరుగు దూదే తెప్పించి..."

"కొత్తది నాకెందుకే" అంది పెద్దావిడ. గొంతు పెంచలేదు. "మీ ఆయన్ని చూసుకో, ఫో." లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

సుభానీ బతికాడు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టి, ఇక మిషను సంగతి కాదు, దూది ఉన్న ఇంట్లోనే ఈయన ఉండకూడదని చెప్పింది. బూజు పట్టిన ఆ గదుల్లోకి అడుగు పెట్టినా మళ్ళీ ఇక్కడికే తెస్తారంది. సాదిక్ తండ్రిని చీరాల నుంచి తిన్నగా గుంటూరు తీసుకుపోయాడు. ఖుర్షిదా బస్టాండు దాకా వెళ్ళి, ఆయన బట్టల సంచి అందించి, పర్చూరు బస్సెక్కింది. ఎందుకు మానెయ్యలేదని కొడుకు కోపం. మందుల ఖర్చు లారీ జీతంతో తేలదని ఆమెకి తెలుసు. అదొక్కటే కాదు. అంతమంది పరుపులు అక్కడ పెట్టుకుని షట్టరు దించి పోవడం ఆమెకి చేతకాలేదు.

బురద ఎత్తిపోసింది. గోడలకు నీళ్ళు నిలిచిన గుర్తు మీద సున్నం వేసింది. రెండు పూతలు వేసినా ఆ గీత మళ్ళీ పైకి తేలింది. మోటారు చీరాల పంపి వైండింగు చేయించింది. రోలరు మేకులు ఒక్కొక్కటే కిరసనాయిలు గుడ్డతో రుద్దింది. గోళ్ళు నల్లబడి, వేళ్ళు చీరుకుపోయాయి. మిషను మొదటిసారి వేసినప్పుడు కాస్త తిరిగి, కీచుమని ఆగింది. బయట పట్టా కింద ఖాళీ కుర్చీ ఉంది. బెల్టు జారుతోందని చెప్పేవాళ్ళు లేరు. ఆమే వంగి చూసి బిగించింది.

ఎండబోసిన దూది అందరికీ సరిపోలేదు. పెళ్ళిళ్ళ వాళ్ళకి ముందు కుట్టింది. కొందరు సగం పరుపుకి ఒప్పుకున్నారు, కొందరు మళ్ళీ షాపు మెట్లెక్కలేదు. వెంకటేశ్వరమ్మ గారి కోసం బూరుగు దూది ఎక్కడెక్కడో అడిగి తెప్పించి, పరుపు కుట్టి, ఆవిడ లేని వేళ చూసి వరండాలో పెట్టి వచ్చింది. ఆవిడ తిప్పి పంపలేదు. కొన్నాళ్ళకి అటు వెళ్తూ చూస్తే, పరుపు నవారు మంచం మీద చుట్టి ఉంది. పెద్దావిడ కింద చాప వేసుకుని పడుకుని ఉంది.

ఆదివారాలు ఖుర్షిదా గుంటూరు వెళ్తుంది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని బయల్దేరుతుంది. అయినా నమ్మకం లేక, కొడుకు ఇంట్లో అడుగు పెట్టగానే స్నానాల గదిలోకి వెళ్ళి ఆ చీర కూడా మార్చుకుని, అక్కడే ఉంచిన ఇంకో చీర కట్టుకుని ఆయన ముందుకొస్తుంది. సుభానీ మేడ మీద వరండాలో కుర్చీలో ఉంటాడు. చేతులు ఒళ్ళో ఖాళీగా ఉంటాయి.

మొన్న వెళ్ళినప్పుడు ఎప్పటిలాగే దూరంగా గడప దగ్గర కూర్చుంది.

"ఇటు రా" అన్నాడు.

"ఇక్కడ బానే ఉందిలెండి."

ఆయనే లేచి, గోడ పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. అంత దూరానికే ఆయాసం. ఆమె జడ పాయలో ఒక దూది పోగు ఉంది. ఆమె తల వెనక్కి లాక్కునేలోపే తీశాడు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని, రెండు వేళ్ళ మధ్య సాగదీసి చూశాడు.

"ఇంకొల్లు వైపు పత్తా? పొడుగ్గా ఉంది పోగు."

"ఆఁ. ముందు అది ఇటివ్వండి."

"మంచి దూది" అన్నాడు.

ఖుర్షిదా ఆయన వేళ్ళు విప్పి ఆ పోగు తీసుకుని, కిటికీ దాకా వెళ్ళి బయటికి వదిలి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది. ఆయన చేతులు కూడా తడిగుడ్డతో తుడిచింది. ఆ తర్వాత అన్నం వడ్డించి, తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని ఆయన ఊపిరి వింది. నాలుగింటి బస్సుకి పర్చూరు బయల్దేరింది.